దూలమునకు నడుము సన్నమేల?

1994 జనవరి 17వ తేదీ తెల్లవారుజామున లాస్ ఏంజిలిస్ పరిసరమున నున్న నార్త్‌రిడ్జి ప్రాంతమును 6.7 పరిమాణముగల భూకంపము కుదిపివైచినప్పుడు, దూలములను స్తంభములకు వెల్డింగుతో బిగించి కట్టిన ఉక్కుమేడ లొక్కటియు నేలగూలకపోవుటచే, ఇంజనీర్లు తొలుత తమ విద్య జయించెననియే తలచిరి. ఉక్కు సాగెడు లోహము గనుక దూలము వంగి, ఆ వంగుటలోనే భూకంపశక్తిని హరించి, స్తంభమును కాపాడునని వారి విశ్వాసము. కాని గోడపలకలను, అగ్నిరక్షణకై పూసిన పూతను ఒలిచి చూడగా, వంపు లేకయే పెళుసుగా విరిగిన అతుకులు నూఱుకు పైబడిన భవనములలో బయల్పడెను.

పగుళ్లలో పెక్కు దూలపు క్రింది అడ్డపలక (ఫ్లాంజి) వద్దనే యుండుటకు కారణము కలదు. పైనుండి పనిచేయు వెల్డరునకు దూలపు నడిమి పలక అడ్డుపడును; అతడు అతుకును మధ్యలో ఆపి, ఆవలి ప్రక్కకు పోయి మరల మొదలిడవలెను; లోపములు చేరునది అచ్చటనే. కరిగిన లోహము జాఱిపోకుండ అడుగున నుంచిన ఉక్కుబద్దను తరువాత తీయక విడుచుటచే, దానికిని స్తంభమునకును నడుమ సన్నని సందు మిగిలెను. బట్టను చింపదలచినవాడు ముందుగా అంచున పంటితో గాటు పెట్టునట్లు, ఆ సందే చీలికకు దారి చూపెను. వెల్డింగు లోహము సైతము చీలిక నాపగల దృఢత్వము లేనిదయ్యెను. మిల్లులనుండి వచ్చిన ఉక్కు లెక్కలో కట్టినదానికన్న బలమైనదగుట మేలే కదా యని పాఠకుడు శంకింపవచ్చును. కాని దూలము లొంగకున్నచో భారమంతయు అతుకుమీదనే పడును గదా! పైగా, పూర్వము ప్రయోగశాలల పరీక్షలలో నెగ్గినవి చాలవఱకు చిన్న దూలములు. మేడలలో వాడినవి భారీవి.

సరిగా సంవత్సరమునకు, అదే తేదీని, జపానులోని కోబె నగరమున భూకంపము వచ్చి ఉక్కు కట్టడములు కొన్ని కూలియే పోయెను.

అటుపిమ్మట అమెరికాలో జరిగిన విస్తృత పరిశోధనల ఫలముగా 2000లో నూతన మార్గదర్శకములు వెలువడెను. దృఢమైన వెల్డింగు లోహమును విధించుట, అడుగుబద్దను తొలగించుట మున్నగు జాగ్రత్తలు సరే. నాకు మిక్కిలి రమ్యముగా తోచునది మఱొకటి. స్తంభమునకు కొంత యెడముగా, దూలపు ఫ్లాంజిని ఇరుప్రక్కల వంపుగా కోసి, బుద్ధిపూర్వకముగ నడుము సన్నము చేయుదురు. అంతట దూలము అతుకువద్ద గాక ఆ సన్నని తావుననే లొంగి, అటునిటు వంగుచు శక్తిని హరించును. ఇట్టి సంధులు అంతస్తు ఎత్తులో నూటికి నాలుగు పాళ్ల వాలును సహింపవలెనని నియమము.

ఇవి నూతన భవనముల మాట. 1994కు పూర్వము కట్టినవి నేటికిని జనులతో నిండియే యున్నవి. 2015లో లాస్ ఏంజిలిస్ చేసిన బలోపేత శాసనము కొన్ని కొయ్య, కాంక్రీటు భవనములకే పరిమితము కాగా, పొరుగున నున్న సాంటా మోనికా 2017లో ఈ పాత ఉక్కుమేడలనుకూడ తన శాసనమున చేర్చెను.