మీకు తెలుసా? పన్నెండు తీగల గిటార్‌కు పొట్ట ఎందుకొస్తుంది!

మామూలు గిటార్‌లో ఆరు తీగలు కలిసి సుమారు 75 కిలోల బరువుతో లాగుతాయి. పన్నెండు తీగలైతే ఆ లాగుడు 110 కిలోలు దాటొచ్చు. దాన్నంతా మోసే పై పలక మందం దాదాపు 3 మిల్లీమీటర్లే! అందుకే అది ఉబ్బి పొట్టలా కనిపిస్తుంది. అల్లవరం మండలం ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో గాలిలోని తేమను చెక్క పీల్చుకుని మరింత ఉబ్బుతుంది.

పలక మీద తీగలు కట్టే బ్రిడ్జి వెనక కాస్త ఉబ్బు ఉండటం సహజమే, దానికి కంగారు అక్కర్లేదు. పలకకు లోపల దన్నుగా అతికించిన బద్దలు ఊడితేనే అసలు ప్రమాదం. తీగలు వదులు చేసి, టార్చి వేసి, చిన్న అద్దంతో లోపల చూడండి. బద్దకూ పలకకూ మధ్య పల్చటి కాగితం దూరిందంటే అక్కడ జిగురు వదిలినట్టే. పనితెలిసినవాళ్లు ఆ సందులో జిగురు ఎక్కించి, క్లాంపులు బిగించి, ఒక రోజు కదపకుండా ఉంచుతారు. ఉబ్బు తగ్గుతుందని ఎండలో మాత్రం పెట్టకండి, పలక పగులుతుంది.

తీగలన్నిటినీ రెండు ఫ్రెట్ల మేర దించి శ్రుతి చేస్తే లాగుడు ఐదో వంతు తగ్గుతుంది. రెండో ఫ్రెట్‌కు కాపో (తీగలను నొక్కిపట్టే క్లిప్పు) బిగిస్తే పాత శ్రుతే పలుకుతుంది. మీ ఇంట్లో పాత పన్నెండు తీగల గిటార్ ఉంటే ఈరోజే అలా దించండి.