సముద్రముపై తేలు పట్టణము

పూర్వకాలమున సముద్రయానము అవసరమునకే గాని వేడుకకు గాదు. వర్తకులు సరకుల కొరకును, యాత్రికులు పుణ్యస్థలముల కొరకును, బీదలు పొట్టకూటి కొరకును ఓడ నెక్కుచుండిరి. ఎక్కినవారు తుపానులకు వెరచుచు, దినములు లెక్కించుకొనుచు, దరి చేరువరకు దైవమును తలంచుకొనుచు కాలము గడపుచుండిరి. నేడన్ననో ఏ పనియు లేకుండ, కేవలము విశ్రాంతి కొరకే తల్లిదండ్రులు పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని వారము దినములు సముద్రముపై గడపి, బయలుదేరిన రేవునకే తిరిగి వచ్చుచున్నారు. ఇట్టి ప్రయాణమునకై నిర్మింపబడిన ఓడలకు విహారనౌకలని పేరు. క్రూయిజు ఓడలనియు వాడుక కలదు.

వేలకొలది టన్నుల ఇనుము నీటిపై ఎట్లు తేలుచున్నది? చుట్టును ఉప్పునీరే యుండగా అంతమందికి త్రాగునీరు ఎక్కడిది? నడిసముద్రమున ఆపద వచ్చినచో వారిని కాపాడునదేమి? ఓడలో నుండు వేడుకలకన్న ఈ ప్రశ్నలకు దొరకు సమాధానములే ఎక్కువ ఆశ్చర్యకరములు.

విహారయాత్ర ఒక వ్యాపారవేత్త యుక్తి వలన బలపడినది. జర్మనీ దేశమున హాంబర్గు నగరమందలి ఒక ఓడల సంఘమున ఆల్బర్టు బాలిన్ అను నాతడు ప్రముఖుడుగా నుండెను. ఆ సంఘపు ఓడలు యూరపు, అమెరికాల మధ్య జనులను చేరవేయుచుండెను. చలికాలమున అట్లాంటికు సముద్రము అల్లకల్లోలముగ నుండుటచే ప్రయాణికులు తగ్గిపోవుదురు. ఓడలు ఊరక రేవున పడియుండును. ఖర్చు మాత్రము తగ్గదు. బాలిన్ ఆలోచించి, 1891 జనవరిలో “అగస్టా విక్టోరియా” అను ఓడను 241 మంది ప్రయాణికులతో వెచ్చని మధ్యధరా సముద్రమునకు విహారార్థము పంపెను. యాత్ర జయప్రదమయ్యెను. 1900లో అదే సంఘము కేవలము విహారమునకే నిర్మించిన “ప్రిన్‌జెస్సిన్ విక్టోరియా లూయిజె” అను ఓడ నీటిలో దిగెను.

1958 అక్టోబరులో జెట్ విమానములు ప్రయాణికులతో అట్లాంటికును దాట నారంభించెను. ఓడపై దినములు పట్టు ప్రయాణము గంటలలో ముగియసాగెను. తొందర గలవారు ఓడలను విడిచిరి. అప్పుడు ఓడల యజమానులు తొందర లేనివారి కొరకు చూచిరి. అంతకుముందు ఓడ ఒక పట్టణము చేరుటకు సాధనము. అటుపిమ్మట ఓడయే పట్టణమయ్యెను.

ఈ పట్టణము ఎంత పెద్దదో తెలిసికొనుటకు “ఐకాన్ ఆఫ్ ది సీస్” అను ఓడను చూడవచ్చును. ఇది ఫిన్లండు దేశమున తుర్కు నగరమందు నిర్మింపబడి, 2024 జనవరి 27వ తేదీన అమెరికాలోని మయామి రేవునుండి తొలియాత్రకు బయలుదేరెను. నాటికి ప్రపంచమున అంతకు మించిన ప్రయాణికుల ఓడ లేదు. దీని పొడవు సుమారు 365 మీటర్లు, అంతస్తులు 20. ఓడ నిండినపుడు 7,600 మంది ప్రయాణికులును, 2,350 మంది సిబ్బందియు ఇందులో నుందురు. ఒక పెద్ద గ్రామమందలి జనులందరును ఒక్క ఓడలో చేరినట్లే. దీని పరిమాణము 2,48,663 టన్నులని చెప్పుదురు. ఇది ఓడ బరువు గాదు. ఓడ లోపలి చోటును బట్టి కట్టు లెక్క. ఇట్టి లెక్కలోనే “టైటానిక్” ఓడ పరిమాణము 46,328. అనగా ఈ ఓడ దానికి అయిదు రెట్లకు పైగా పెద్దది.

ఇనుప మేకును నీటిలో వేసిన మునుగును. ఇనుప మూకుడును మెల్లగ నీటిపై నుంచిన తేలును. లోహమొక్కటే అయినను ఆకారము వేరగుటయే ఇందులకు కారణము. మూకుడు తన లోపలి ఖాళీ స్థలముతో గూడ ఎక్కువ నీటిని ప్రక్కకు నెట్టును. అట్లు తొలగింపబడిన నీటి బరువు ఎంతో, నీరు మూకుడును అంత బలముతో పైకెత్తును. ఇది ఆర్కిమిడీసు కనుగొన్న సూత్రము. ఓడయు ఒక మహత్తరమైన మూకుడే. నీటిపై ఇరువది అంతస్తుల మేడవలె కనబడు “ఐకాన్” నీటిలో మునిగియుండునది సుమారు 9 మీటర్లు మాత్రమే. అది ఒరిగిపోకుండుటకు యంత్రములు, ఇంధనము, నీటి తొట్లు మొదలగు బరువైన వస్తువులను అడుగున అమర్చి, పైభాగమును తేలికగా కట్టుదురు. అలల ఊపు తగ్గించుటకు ఓడకు ఇరుప్రక్కల నీటిలోపల చేప రెక్కలవంటి పలకలు ఉండును. యంత్రములు విద్యుచ్ఛక్తిని పుట్టించును. ఆ శక్తితో ఓడ వెనుకభాగమున నీటిలో నున్న పంకాలు తిరుగును. ఈ పంకాలను ఏ దిక్కునకైనను త్రిప్పవచ్చును గనుక వేరుగా చుక్కానితో పనిలేదు.

ఒక కుటుంబము ఇట్టి ఓడలో విహారమునకు వచ్చినదనుకొందము. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ. రేవున గుర్తింపు పత్రములు చూపి, పెట్టెలను ఒప్పగించి వారు ఓడ నెక్కుదురు. పెట్టెలు పిమ్మట వారి గదికే చేరును. గది చిన్నదైనను అందు పడకలు, స్నానపు గది, అలమార అన్నియు అమరియుండును. ప్రయాణము, బస, సాధారణ భోజనము మూడును ఒక్క రుసుములోనే చేరియుండును. దినమునకొక ఊరున మూటలు విప్పి కట్టుకొను శ్రమ లేదు. రాత్రి వారు నిద్రించుచుండగా ఓడ నడచును. తెల్లవారి చూచునప్పటికి సెయింట్ థామస్ వంటి ఒక దీవి ఎదుట నిలిచియుండును.

పిల్లలు మొదట ఈతకొలనులకు పరుగెత్తుదురు. “ఐకాన్”లో అట్టివి ఏడు కలవు. నీటితో జారు జారుడుబల్లలు ఆరు కలవు. మంచుపై జారుచు ఆడు ఆటలకు ఒక రంగస్థలము కలదు. ఓడ నడుమ, ఆకాశము కనబడునట్లుగా, నిజమైన మొక్కలు వేలకొలది పెరుగు ఒక ఉద్యానము కలదు. నాయనమ్మ అచట నీడను కూర్చుండి సంగీతము వినవచ్చును. పగలు ఎవరి వేడుక వారిది. రాత్రి అందరును ఒక్క బల్ల చుట్టును చేరి, తాము చూచినది ఒకరికొకరు చెప్పుకొందురు. పెద్దలు, పిల్లలు, ముదుసలులు ఒకరినొకరు విడువకయే తమతమ ఇష్టము తీర్చుకొనగలుగుట వలన కుటుంబములు ఈ యాత్రను కోరుచున్నవి.

అయితే ఈ వేడుకలన్నిటికిని ముందు చేయవలసిన పని యొకటి కలదు. ప్రతి ప్రయాణికునకును ఆపత్కాలమున చేరవలసిన చోటు ఓడలో ముందే నిర్ణయింపబడియుండును. దానిని మస్టర్ స్టేషను అందురు. ఓడ బయలుదేరుటకు ముందే ప్రయాణికులు ఆ చోటును స్వయముగా చూచి రావలెను. ప్రాణరక్షక కవచమును ఎట్లు తొడుగుకొనవలెనో నేర్చుకొనవలెను. ఏడు పొట్టి కూతలు, పిదప ఒక దీర్ఘమైన కూత వినబడినచో అది ఆపదకు గుర్తని తెలిసికొనవలెను. ఈతకొలను పిలుచుచుండగా ఈ పాఠము పిల్లలకు విసుగు గొల్పును. పెద్దలలోను “ఇంత పెద్ద ఓడకు ఏమగును?” అనుకొనువారు కలరు. వారికి చరిత్రయే సమాధానము చెప్పుచున్నది.

1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను తాకి, తెల్లవారకముందే మునిగిపోయెను. అందున్నవారు సుమారు 2,200 మంది; ప్రాణరక్షక నావలు 20 మాత్రమే. వానిలో పట్టువారు 1,178 మంది. ఓడ యజమానులు నాటి చట్టమును మీరలేదు. బ్రిటిషు చట్టము 10,000 టన్నులు దాటిన ఓడకు 16 నావలు చాలునని చెప్పెను. టైటానిక్‌లో అంతకన్న ఎక్కువయే ఉండెను. ఓడలు పెరిగినవి గాని చట్టము పెరగలేదు. అంతకన్న శోచనీయమైన విషయము మరియొకటి కలదు. ఉన్న నావలైనను నిండలేదు. 65 మంది పట్టు మొదటి నావ ఇంచుమించు 28 మందితోనే వెడలిపోయెను. ఎక్కడికి పోవలెనో ఎరుగనివారు కొందరు. ఇంత గొప్ప ఓడను విడిచి చిన్న నావ నెక్కుటకు ఇష్టపడనివారు కొందరు. ఆ రాత్రి 1,500 మందికి పైగా మరణించిరి. ఈ దుఃఖము నుండి 1914 జనవరిలో లండను నగరమున సముద్రముపై ప్రాణరక్షణకు ఒక అంతర్జాతీయ ఒడంబడిక పుట్టెను. ఓడలోని వారందరికిని రక్షణసాధనములలో చోటుండి తీరవలెనను నియమము ఏర్పడెను.

ఆ పాఠము అచటితో ముగియలేదు. 2012 జనవరి 13వ తేదీ రాత్రి “కోస్టా కాంకార్డియా” అను విహారనౌక ఇటలీ తీరమున జీలియో దీవికి మిక్కిలి చేరువగా పోయి బండను తాకెను. ఓడపై 4,229 మంది ఉండిరి. ఆ సాయంకాలమే క్రొత్తగా ఎక్కిన కొన్ని వందలమంది ఇంకను ఆపత్కాల శిక్షణ పొందలేదు. ఎక్కిన ఇరువదినాలుగు గంటల లోపల శిక్షణ నిచ్చిన చాలునని నాటి నియమము. ఇచటను శిక్షణ విషయమున నియమభంగము జరుగలేదు. కాని ఆపద ఇరువదినాలుగు గంటలు ఆగలేదు. ఓడను విడువుడను ఆజ్ఞ గంటకు పైగా ఆలస్యమయ్యెను. అప్పటికే ఓడ ఒరిగిపోవుటచే కొన్ని నావలను దింపుటకు వీలుపడలేదు. 32 మంది ప్రాణములు కోల్పోయిరి. అందరును దిగకముందే ఓడను వదలిన కప్తానునకు 2015లో ఇటలీ న్యాయస్థానము 16 సంవత్సరముల కారాగార శిక్ష విధించెను. 2015 జనవరి 1వ తేదీ నుండి, ఇట్టి యాత్రలలో ప్రయాణికులకు శిక్షణ ఓడ బయలుదేరుటకు ముందుగాని, బయలుదేరిన వెంటనేగాని జరిగి తీరవలెనను నియమము అమలులోనికి వచ్చెను. విసుగు గొల్పు ఆ కొద్ది నిమిషముల పాఠమునకు ఇంత వెల చెల్లింపబడినది.

ప్రయాణికుల కన్నులకు కనబడని మరియొక ఓడ అడుగు అంతస్తులలో కలదు. అచట సముద్రపు నీటిని మిక్కిలి ఒత్తిడితో సన్నని పొరలగుండ నెట్టుదురు. ఉప్పు ఇవతల నిలిచిపోవును. మంచినీరు అవతలికి చేరును. వాడిన నీటిని శుద్ధి చేయుదురు. చెత్తను వేరుపరచి, కొంత కాల్చి, కొంత నొక్కి కట్టలు గట్టి రేవులలో ఒప్పగింతురు. 1988 డిసెంబరు 31వ తేదీ నుండి అమలులోనున్న అంతర్జాతీయ నియమమును బట్టి ఏ ఓడయు ప్లాస్టికును సముద్రమున పారవేయరాదు. వంటశాలలలో పొయ్యి చల్లారుట అరుదు. పైన కప్తాను స్థానమున రేయింబగళ్ళు ఎవరో యొకరు సముద్రమును కనిపెట్టుచునే యుందురు.

ఈ పనులన్నియు చేయువారు అనేక దేశములవారు. ఫిలిప్పీన్సు, ఇండొనీషియా, భారతదేశముల నుండి పోయినవారు వారిలో పెక్కుమంది కలరు. ఒకసారి ఓడ నెక్కిన పలువురు నెలల తరబడి ఇల్లు చూడరు. ఇతరుల పిల్లలకు నవ్వుచు పాలు అందించు సేవకుడు తన బిడ్డను టెలిఫోనులో మాత్రమే చూచుకొనుచుండును. ఒక కుటుంబము కలిసి గడపు వారము వెనుక, ఇట్లు విడిపోయి గడపు కుటుంబములు ఎన్నియో కలవు.

పదివేలమంది ఒకే కప్పు క్రింద నుండుటచే ఒకరి అజాగ్రత్త అందరికిని కీడు తెచ్చును. 2020 ఫిబ్రవరిలో “డైమండ్ ప్రిన్సెస్” అను విహారనౌకను జపానులోని యొకొహామా రేవున నిలిపివేయగా, అందలి 3,711 మందిలో 712 మందికి కరోనా వ్యాధి సోకినట్లు తేలెను. సబ్బుతో చేతులు కడుగుకొనుట ఇంటియందు మంచి అలవాటు. ఓడయందు తోటివారిపట్ల ధర్మము.

ఈ విహారయాత్రలు తెలుగు తీరమునకును క్రొత్త కావు. 2022 జూన్‌లో “ఎంప్రెస్” అను ఓడ విశాఖపట్టణమునకు వచ్చి, ప్రయాణికుల నెక్కించుకొని తమిళతీరము వైపు సాగిపోయెను. 2023 సెప్టెంబరులో ఆ రేవున విహారనౌకల కొరకు ప్రత్యేకమైన టెర్మినలు ప్రారంభింపబడెను. కావున నేటి బాలబాలికలలో కొందరైనను ప్రయాణికులుగానో, నావికులుగానో ఇట్టి ఓడ నెక్కుదురు.

“ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిదప బోడి మల్లయ్య” అని తెలుగువారి సామెత. ఏటికే గాదు, సముద్రమునకును ఈ మాట వర్తించును. ఓడ నెక్కినవాడు ముందుగా తాను చేరవలసిన చోటు తెలిసికొనవలెను. దిగునపుడు తనను దరి చేర్చినవారిని తలంచుకొనవలెను. ఈ రెండును మరువనివానికే సముద్రముపై నిశ్చింతగా నిద్రించు హక్కు కలదు.