నేలనెరిగిన మేస్త్రి కావలెను

ఇల్లు కట్టించు గృహస్థుడు ముహూర్తము చూపించును, వాస్తు చూపించును. కొబ్బరికాయ చేతబట్టి జలమున్న చోటు చెప్పువానిని పిలిపించి బోరు వేయించును. ద్వారబంధమునకు మంచి టేకు దొరకువరకు అడితీలన్నియు తిరుగును. ఇన్ని విచారములు చేసిన యీ గృహస్థుడే మరుగుదొడ్డి మాట వచ్చినప్పుడు, “ఏదో యొక మూల గుంత తీయుము” అని మేస్త్రికి చెప్పి ఊరకుండును. ఆ మూలనున్న నేల యెట్టిది? దానిలో నీరింకునా? ఇంకిన నీరు ఎచటికి పోవును? ఈ ప్రశ్నలు యజమానికి తోచవు. మేస్త్రికి తోచినను, వానికి సమాధానము చెప్పగల విద్య నతనికి నేర్పినవారరుదు.

2016 అక్టోబరు 11వ తేదీన కరీంనగరము నుండి వేరుపడి యేర్పడిన పెద్దపల్లి జిల్లా, మూడేండ్లు తిరిగి వచ్చునప్పటికే, 2019 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణ గ్రామీణములో దేశమందలి జిల్లాలన్నిటిలో ప్రథమస్థానము నందినది. జిల్లా వాసులు గర్వింపదగిన విషయమే యిది. కాని ఆ కీర్తి నేలపైన కంటికి కనబడు గదులకు సంబంధించినది. గది క్రింద కనబడక జరుగు పని సరిగా లేనిచో, పైన పటారము లోన లొటారమన్న సామెత మనయందే సార్థకమగును.

సెప్టిక్ టాంకి యనగా మలమును మాయము చేయు మంత్రపు పెట్టె యని పలువురి భ్రమ. 1895 ప్రాంతమున ఇంగ్లండులోని ఎక్సెటరు నగరమున డోనాల్డు కామెరాను అను ఇంజనీరు దీనికి ప్రచారము తెచ్చిన నాటినుండి నేటివరకు దాని ధర్మమొక్కటే. బరువైన పదార్థము అడుగున పేరుకొనును. తేలికయైనది తెట్టెయై పైకి తేలును. నడుమనున్న నీరు వెలుపలికి పోవును. ఆ నీరు తేటగా కనబడినను రోగబీజములు దానిలో నుండనే యుండును. వానిని హరించునది టాంకి తరువాత నున్న మట్టి. కావున టాంకి కట్టుట సగము పని. మట్టి నెరుగుట తక్కిన సగము.

పెద్దపల్లి నేల ఒక్క తీరుగా లేదు. జిల్లా పడమటి భాగమున జానెడు మట్టి క్రిందనే పరుపుబండ తగులు గ్రామములున్నవి. అచట గుంతనుండి వెడలిన మురుగు రాతి పగుళ్లవెంట వడపోత లేకయే పొరుగువాని బావికి చేరగలదు. నల్లరేగడి భూములలో కథ వేరు. ఎండకు నెఱ్ఱెలువారు ఆ మట్టి తడిసినంతనే ఉబ్బి నీటిని లోనికి పోనీయదు. గోదావరి, మానేరు తీరములందును, శ్రీరామసాగరము కాకతీయ కాలువ పారు వరిపొలముల నడుమను వానకాలము వచ్చెనా, భూజలము పైకుబికి గుంత అంచులను తాకును. వైశాఖమున చక్కగా పనిచేసిన గుంత శ్రావణమున పొంగి పొరలుటకు కారణమిదియే. ఈ మూడు నేలలకును ఒకే కొలత గుంత త్రవ్వుట, అన్ని జ్వరములకును ఒకే మాత్ర మ్రింగించుటవంటిది.

భారత ప్రమాణముల సంస్థవారి 2470వ సంఖ్య గల ప్రమాణము ఈ విషయమునే విపులముగ చెప్పుచున్నది. ఇంకుడు ఏర్పాటు త్రాగునీటి బావికి 18 మీటర్లకు తక్కువ దూరమున నుండరాదు. పగుళ్లువారిన రాతి నేలలకు ఈ పద్ధతి తగదు. కట్టుటకు ముందు చిన్న గుంత తీసి, నీరు నింపి, ఒక రాత్రి నాననిచ్చి, మరునాడు నీటిమట్టము 2.5 సెంటీమీటర్లు దిగుటకెన్ని నిమిషములు పట్టునో గడియారము చేతబట్టి చూడవలెను. 60 నిమిషములకు మించినచో ఆ మట్టిని నమ్మరాదు. కంకర పొరలగుండ నీటిని క్రిందినుండి పైకి పారించి శుద్ధిచేయు వడపోత తొట్టిని చేర్చవలెను. భూజలము 180 సెంటీమీటర్లలోపున నున్నచో, ఇంకుడు కాలువను నేలపై ఎత్తుగా పోసిన దిబ్బలో నమర్పవలెను. ఇట్టి దిబ్బలపై అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము 1970ల నుండి పరిశోధనలు చేసినది. అదే దేశమందలి మసాచుసెట్సు రాష్ట్రమున, ప్రభుత్వ ఆమోదము పొందిన మట్టి పరీక్షకుడు నేలను చూచి చెప్పనిదే క్రొత్త ఇంకుడు ఏర్పాటునకు అనుమతి దొరకదు.

మనమేమి చేయుచున్నాము? గుంత నిండినచో గొట్టము పెట్టి వీధి కాలువలోనికి వదలుచున్నాము. లేదా ఒక పేదవానిని లోనికి దింపుచున్నాము. లోపలి విషవాయువు క్షణములో ప్రాణము తీయును. రక్షణ సాధనములు లేక మనుష్యుని దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. మురుగు కాలువలలో మరణించినవారి కుటుంబములకు 30 లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలెనని 2023 అక్టోబరులో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. పరిహారము పోయిన ప్రాణమును తేజాలదు. యంత్రము వచ్చి తోడుకొనుటకు వీలుగా మూత, దారి, గాలిగొట్టము మొదటనే అమర్చు మేస్త్రి యున్నచో, ఆ దింపుట యవసరమే రాదు.

ఈ విద్య నేర్పుటకు సాధనములు మనకు లేకపోలేదు. 1998లో వెలసిన హైదరాబాదులోని జాతీయ నిర్మాణ విద్యాసంస్థ మేస్త్రీలకు పనితనము నేర్పుచున్నది. మల వ్యర్థముల నిర్వహణకు 2016లోనే నియమములు చేసికొన్న వరంగల్లు నగరము పొరుగుననే యున్నది. జిల్లాలోనే, మంథని పేరిట, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల కలదు. ఆ కళాశాల ఆవరణముననో సమీప గ్రామములందో పరుపుబండపై నొకటి, నల్లరేగడిలో నొకటి, నీటిపట్టున నొకటి మాదిరి ఏర్పాట్లు కట్టించి, మేస్త్రీలచేతను పంచాయతీ ఉద్యోగులచేతను స్వయముగ గుంత తీయించి, నీరు కొలిపించి, మట్టము సరిచూపించి నేర్పిన బాగుండును. చదువు రానివాడును చేతితో మట్టి నలిపి నేర్చుకొనగల విద్య యిది. నేర్చినవారికి పట్టా నీయవలెను. పట్టా గల మేస్త్రి నేలను పరీక్షించి వ్రాసియిచ్చిన కాగితము లేనిదే పంచాయతీ యింటికి అనుమతి నీయరాదు. శిక్షణకాలమున మేస్త్రి కోల్పోవు దినకూలి నెవరైన భరింపవలెను. లేనిచో పాఠశాల తెరచినను బిడ్డలు రాని బడివలె నగును.

చట్టము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వెళ్లిన గాంధీ మహాత్ముడు అచటి మరుగుదొడ్ల దుస్థితిని చూచి, ఎవరి యాజ్ఞకును వేచియుండక, తానే చీపురు చేతబట్టెను. నేడు మన గృహస్థులు చీపురు పట్టనక్కరలేదు, పునాది తీయుటకు ముందు మేస్త్రి నొక్క ప్రశ్న యడిగిన చాలును: “ఈ నేలలో నీరెంత సేపటికి ఇంకునో చూచితివా?” భూస్వాములు పదిమంది ఈ ప్రశ్న యడుగుట మొదలిడినచో, సమాధానము నేర్చుకొను మేస్త్రీలు తామే పుట్టుదురు. ఒకడు తన పెరటిలో వదలిన మురుగు పొరుగువాని బిడ్డ చెంబులోనికి రాకుండ చూచుటకంటె ఊరికి చేయదగిన యుపకారము వేరొండు గలదా?