విలేకరి మన బడి గేటు దగ్గరికి వచ్చినప్పుడు

కొన్నేళ్ల కిందట, పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే ఒక విలేకరి మా బడికి వచ్చాడు. మా దగ్గరే ఓనమాలు దిద్దుకున్నవాడు, హోసూరు చుట్టుపక్కల వార్తలు ఒక పత్రికకు పంపుతుంటాడు. ముందురోజు రాత్రి మా విద్యార్థిని ఒకమ్మాయి ప్రాణం తీసుకోబోయింది. ఇంట్లోవాళ్లు సమయానికి చూడబట్టి బతికింది. పాత శిష్యుడే కదా అని అతను అడిగినవన్నీ చెప్పేశాం. ఏ సబ్జెక్టు పోయింది, నాన్న ఏమన్నాడు, ఏ ఆసుపత్రిలో ఉంది, అన్నీ.

వార్తలో పేరు వేయలేదు. ‘తెలుగు మీడియం బాలిక’ అని రాశారు, ఊరి పేరు రాశారు. ఆ ఏడు మా పదో తరగతిలో ఆడపిల్లలు నలుగురే. ఇక పేరు వేయకపోతే మాత్రమేం? పెద్ద బడుల్లో పేరు దాస్తే పిల్ల దాగుతుంది. మన బడుల్లో మీడియం పేరు చెబితే చాలు, ఇల్లు తెలిసిపోతుంది. సప్లిమెంటరీ పరీక్షకు వెళ్తుంటే బస్సులో ఎవరో ఆ శీర్షికే ఆమెకు చదివి వినిపించారట. పరీక్ష ప్యాసైంది. పదకొండో తరగతికి మాత్రం తననెవరూ ఎరగని ఊరు వెతుక్కుని వెళ్లిపోయింది.

తప్పంతా పత్రికదేనని చాన్నాళ్లు అనుకున్నాం. ఆసుపత్రి సంగతి చెప్పింది మేమేనని ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది.

విలేకరులకు నియమాలు లేకపోలేదు. ఆత్మహత్య వార్తలను ప్రముఖంగా వేయకూడదు, పదేపదే వేయకూడదు, ఎలా చేశారో, ఎక్కడ చేశారో వర్ణించకూడదు, ఫోటోలు వాడకూడదు అని ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. మానసిక ఆరోగ్య కేంద్రంలో చికిత్స పొందుతున్నవారి ఫోటోగానీ వివరాలుగానీ వారి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. ‘ఇవ్వరాదు’ అన్న ఆ మాట మన వంటివాళ్లకూ తగులుతుంది. రాసే తీరుతో ప్రాణాలు నిలుస్తాయా అని అడిగేవాళ్లకు వియన్నా ఉంది. అక్కడ 1987లో పత్రికలు రాసే పద్ధతి మార్చుకున్నాక మెట్రో రైళ్ల కింద పడే ఘటనలు బాగా తగ్గాయి.

ఆ విలేకరి చాలా నెలలు మా వైపు రాలేదు. ఒకరోజు సంతలో ఎదురుపడితే తలవంచుకుని అన్నాడు: “మేడం, నేను పంపింది ఆరు లైన్లే. శీర్షిక డెస్కులో పెట్టారు. ఆ రోజు నుంచి మన బడి రోడ్డున రావాలంటే కాళ్లాడటం లేదు.” వార్తకింత అని చేతిలో పడే డబ్బు, ఆసుపత్రులూ పోస్టుమార్టం గదులూ తిరిగే పని. అతని మనసు ఎలా ఉందని అడిగే మనిషి ఆఫీసులోనూ లేరు, మేమూ అడగలేదు. ఇలాంటి వార్తలు రాసేవారూ కుంగిపోవచ్చని, వాళ్లకూ ఆసరా కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికల వారి కోసం తెచ్చిన పుస్తకంలోనే ఉంది.

అప్పటి నుంచి మా పద్ధతి మార్చాం. విలేకరితో ఒక్క టీచరే మాట్లాడతారు. ‘తెలుగు మీడియం’ అనే మాట వద్దని ముందే చెబుతాం, కారణమూ చెబుతాం. చెబితే అర్థం చేసుకోని విలేకరి ఇంతవరకు తగల్లేదు. టెలి మానస్ నంబరు 14416 వార్త చివర వేయమంటాం. దానికి డబ్బు పడదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. మంచి వార్త వచ్చిన రోజున ఎడిటరుకు కార్డు రాస్తాం. తిట్టడానికి ఫోన్లు చాలామందే చేస్తారు, మెచ్చుకుంటూ కార్డు వస్తే డెస్కులో ఆ విలేకరి మాటకు కాస్త బరువు పెరుగుతుంది.

తల్లిదండ్రులతో ఒక మాట. మీ ఇంటికి విలేకరి వస్తే “ఇప్పుడు మాట్లాడలేం” అనవచ్చు, అది మర్యాద తప్పడం కాదు. పక్కింటివారి పిల్ల గురించి అడిగితే మాత్రం అస్సలు నోరు విప్పకండి.

ఈ ఏడు ఫలితాలకు పది రోజుల ముందే ఆ అబ్బాయిని బడికి పిలిచాం. తప్పి, మళ్లీ రాసి, ఇప్పుడు డిప్లొమా చదువుతున్న మా పాత విద్యార్థి ఒకడు తన సమ్మతితోనే అతనితో గంటసేపు మాట్లాడాడు. వార్త లోపలి పేజీలో వచ్చింది, 14416తో సహా. ఫోటో అడిగితే మా బడి వేపచెట్టు చూపించాం.