నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్లు కాదు
కీళ్లవాతంలో ఏ మందు దేనికి? నొప్పి మాత్రలతోనే కాలం గడిపితే ముప్పు

భీమవరం: నాట్ల కాలంలో రోజంతా వంగి పనిచేసిన కూలీకి నడుం నొప్పి. మెట్లెక్కలేని వృద్ధునికి మోకాళ్ల నొప్పి. తెల్లవారి లేవగానే వేళ్లు ముడవలేని గృహిణికి చేతి కీళ్ల నొప్పి. ముగ్గురూ మందుల దుకాణానికి వెళ్లి ‘నొప్పి బిళ్ల’ అడుగుతారు. చాలావరకు ముగ్గురికీ ఒకే రకం మాత్ర అందుతుంది. కొద్దిసేపటికి ఉపశమనమూ కలుగుతుంది. అయితే మూడో వ్యక్తికి ఆ ఉపశమనమే చేటు తెచ్చే అవకాశం ఉంది. నొప్పి అణిగి ఉండగానే లోపల కీలు క్రమంగా దెబ్బతింటుంది. వేళ్లు వంకర తిరిగిన తరువాత వైద్యుని వద్దకు వెళ్తే పోయిన కీలును మందులతో తిరిగి తెచ్చుకోవడం సాధ్యం కాదు. అందుకే నొప్పిని తగ్గించే మందుకు, జబ్బును అదుపుచేసే మందుకు మధ్య ఉన్న తేడాను ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

నొప్పి మాత్ర చేసే పని

దెబ్బ తగిలినచోట, వాపు వచ్చినచోట శరీర కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేస్తాయి. వీటి ప్రభావంతో ఆ భాగం ఎర్రబడి, ఉబ్బి, వేడెక్కుతుంది. నాడుల కొసలు సున్నితమై నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. ఈ రసాయనాల తయారీకి సైక్లోఆక్సిజనేజ్‌ అనే ఎంజైమ్‌ అవసరం. దీన్నే క్లుప్తంగా కాక్స్‌ అంటారు. ఐబుప్రొఫెన్‌, డైక్లోఫెనాక్‌, అసిక్లోఫెనాక్‌, నాప్రోక్సెన్‌, నిమెసులైడ్‌ వంటి మందులన్నీ ఈ ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి. ఆస్పిరిన్‌ 1899లోనే మార్కెట్‌లోకి వచ్చినా, అది పనిచేసే తీరును బ్రిటన్‌ శాస్త్రవేత్త జాన్‌ వేన్‌ 1971లో గానీ వెల్లడించలేదు. ప్రోస్టాగ్లాండిన్లపై పరిశోధనలకు ఆయన మరో ఇద్దరితో కలిసి 1982లో నోబెల్‌ బహుమతి అందుకున్నారు.

శరీరంలో ఒక్కో మందు నిలిచి ఉండే కాలం ఒక్కో రకంగా ఉంటుంది. రక్తంలో ఐబుప్రొఫెన్‌ పరిమాణం దాదాపు రెండు గంటల్లో సగానికి తగ్గుతుంది. నాప్రోక్సెన్‌కు 12 గంటలకు పైగా, పైరాక్సికామ్‌కు సుమారు 50 గంటలు పడుతుంది. ఒకదాన్ని రోజుకు మూడుసార్లు, మరొకదాన్ని ఒక్కసారే వేసుకోమని చెప్పేది ఇందుకే. నెమ్మదిగా తగ్గే మందును తొందరపడి మళ్లీ మళ్లీ వేసుకుంటే శరీరంలో పేరుకుపోతుంది.

కడుపు నుంచి గుండె వరకు

కాక్స్‌లో రెండు ప్రధాన రకాలు ఉన్నాయి. కాక్స్‌-1 నిత్యం పనిచేస్తూ జీర్ణాశయం లోపలి పొరను కాపాడుతుంది. కాక్స్‌-2 వాపు ఉన్నచోట విజృంభిస్తుంది. సాధారణ నొప్పి మాత్రలు రెండింటినీ అణచివేస్తాయి. ఫలితంగా కడుపులో పుండ్లు పడి రక్తస్రావం జరగవచ్చు. అన్నం తిన్నాక వేసుకుంటే ఏమీ కాదన్న నమ్మకం సరికాదు. తింటే మంట కొంత తగ్గవచ్చు గానీ, మందు రక్తంలో కలిసిన తరువాత కూడా ఆ రక్షణను దెబ్బతీస్తుంది. ఇంజెక్షన్‌ రూపంలో తీసుకున్నా పుండ్ల ముప్పు తప్పదు. వృద్ధులకు, గతంలో పుండ్లు వచ్చినవారికి వైద్యులు ఒమెప్రజోల్‌, పాంటాప్రజోల్‌ వంటివి జతచేసేది ఈ కారణంగానే.

మూత్రపిండాలకు రక్తం సక్రమంగా అందడంలోనూ ప్రోస్టాగ్లాండిన్ల పాత్ర ఉంది. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినవారు, రక్తపోటుకు టెల్మిసార్టాన్‌, ఎనలాప్రిల్‌ వంటివాటితో పాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు నొప్పి మాత్రలు వేసుకుంటే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రబలిన మూత్రపిండాల వ్యాధికి కారణం ఇదమిత్థంగా తేలలేదు. అయితే కారణం ఏదైనా, ఒకసారి బలహీనపడిన మూత్రపిండాలకు ఈ మాత్రలు మరింత కీడు చేస్తాయన్నది నిర్వివాదాంశం.

కడుపును కాపాడాలన్న ఉద్దేశంతో కాక్స్‌-2ను మాత్రమే అడ్డుకునే మందులు వచ్చాయి. వాటిలో 1999లో విడుదలైన రోఫెకాక్సిబ్‌ వల్ల గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలడంతో తయారీ సంస్థ 2004 సెప్టెంబరులో ప్రపంచవ్యాప్తంగా దాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది డిసెంబరులో మన దేశమూ నిషేధించింది. ఈ ముప్పు ఆ ఒక్క మందుకే పరిమితం కాదని, డైక్లోఫెనాక్‌ వంటి పాత మందులకూ ఉందని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా వీటిని వాడరాదు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడటాన్ని 2011లో కేంద్రం నిషేధించింది.

ఏ నొప్పి ఎలాంటిది?

వయసుతో పాటు మృదులాస్థి అరిగి మోకాళ్లలో వచ్చేది ఆస్టియో ఆర్థరైటిస్‌. నడిస్తే పెరిగి, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. దీనికి బరువు తగ్గడం, తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, పైపూతగా వాడే డైక్లోఫెనాక్‌ జెల్‌ మేలు చేస్తాయి. మాత్రలు అవసరమైతే తక్కువ మోతాదులో, తక్కువ రోజులే వాడాలి.

రుమటాయిడ్‌ ఆర్థరైటిస్‌ ఇందుకు భిన్నం. శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్లపైనే దాడిచేయడం వల్ల ఇది వస్తుంది. పురుషుల కంటే మహిళల్లో రెండు, మూడు రెట్లు ఎక్కువ. రెండు చేతుల వేళ్ల కీళ్లు, మణికట్లు వాచి, ఉదయం లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి ఉంటే దీన్ని అనుమానించాలి. నొప్పి మాత్రలు ఈ దాడిని ఆపలేవు. దాడిని నిలువరించే మందులు వేరుగా ఉన్నాయి. వాటిలో మొదటి వరుసలో నిలిచేది మెథోట్రెక్సేట్‌.

భీమవరం బిడ్డ పరిశోధన ఫలం

ఈ మందుకు మన జిల్లాతో అనుబంధం ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆయన బృందం ఫోలిక్‌ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసి, దాన్ని పోలి ఉంటూ దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌, మెథోట్రెక్సేట్‌లను రూపొందించింది. మొదట ఈ తరహా మందులను పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు. 1951లో అమినోప్టెరిన్‌ కీళ్లవాతంలో పనిచేస్తున్నట్లు వైద్యులు గుర్తించారు. మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వాడేందుకు అమెరికా 1988లో అనుమతించింది. అప్పటికి సుబ్బారావు కన్నుమూసి 40 ఏళ్లు.

క్యాన్సర్‌ మందు అన్న భయంతో కొందరు దీన్ని మధ్యలోనే మానేస్తున్నారు. కీళ్లవాతంలో వాడే మోతాదు చాలా తక్కువ. సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ‘రెండు వారాలు వాడినా తగ్గలేదు’ అని మానేయడం తగదు.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోటిలో పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాలకే ముప్పు వస్తుంది. ఏ వారమో నిర్ణయించుకుని మందు పెట్టెపై పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. వైద్యుడు సూచించిన రోజుల్లో ఫోలిక్‌ యాసిడ్‌ మాత్ర వేసుకోవాలి. క్రమం తప్పకుండా రక్త పరీక్ష, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోవాలి. గర్భిణులు వాడకూడదు. మద్యం ముట్టరాదు.

స్టెరాయిడ్లతో జాగ్రత్త

ప్రెడ్నిసొలోన్‌ వంటి స్టెరాయిడ్లు వాపును వేగంగా తగ్గిస్తాయి. అసలు మందు పనిచేయడం మొదలయ్యేవరకు వైద్యులు కొద్దికాలం వాడతారు. నెలల తరబడి సొంతంగా వాడితే మధుమేహం పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది. హఠాత్తుగా మానేసినా ప్రమాదమే. పేరు చెప్పని పొడులు, ‘వేసుకున్న రోజే తగ్గే’ మందులను అనుమానించాలి. వాటిలో స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలు ఉన్నాయి.

ఇవి గుర్తుంచుకోండి
* డైక్లోఫెనాక్‌, నిమెసులైడ్‌ వంటివి వైద్యుని చీటీపైనే అమ్మవలసిన మందులు.
* పేరు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు. రెండు రకాల నొప్పి మాత్రలు కలిపి వేసుకోరాదు.
* డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో నొప్పి మాత్రలు వద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.
* గుండె కోసం రోజూ ఆస్పిరిన్‌ వేసుకునేవారు ఐబుప్రొఫెన్‌ వాడేముందు వైద్యుని అడగాలి. అది ఆస్పిరిన్‌ ప్రభావాన్ని తగ్గించవచ్చు.
* మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
* వేళ్ల కీళ్ల వాపు ఆరు వారాలు దాటితే ఆలస్యం చేయకుండా కీళ్లవాత నిపుణులను సంప్రదించాలి.