సగటు చూసి సంచి విప్పకండి.. వరస చూడండి!

"మా మందు వాడిన చెరువుల్లో ఎకరానికి సగటున 32 క్వింటాళ్లు. వాడని వాటిలో 28!" పట్టుబడుల సీజనులో కైకలూరు, ఆకివీడు, భీమడోలు వైపు ఇలాంటి కరపత్రం మీ చేతికీ రావచ్చు. ఎకరానికి నాలుగు క్వింటాళ్లంటే మాటలా! అయితే డబ్బు తీసే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఏ చెరువుకి ఎంత వచ్చింది?

మాటవరసకి ఇలా అనుకుందాం. మందు వాడిన అయిదు చెరువుల్లో 24, 26, 29, 32, 49 క్వింటాళ్లు. వాడని అయిదింట్లో 25, 27, 28, 30, 31. చూశారా? 49 వచ్చిన ఒక్క చెరువే సగటుని పైకి లాగేసింది. మిగతా నాలుగింటి సగటు 27.75 మాత్రమే. వాడని వాటికే 28.2 ఉంది! అలాగని బాగా పండిన చెరువుని లెక్కలోంచి తీసేయడమూ న్యాయం కాదు కదా. మరి దారేది?

ఈ దారి వేసినవాడు పురుగుమందుల మీద పనిచేసిన అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ విల్కాక్సన్. ఆయన 1945లో రాసిన వ్యాసంలో ఒక ఉదాహరణ ఈగల మందులదే. 1947లో మాన్, విట్నీ అనే ఇద్దరు దాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లారు. పద్ధతి చాలా తేలిక. పది చెరువుల్నీ కలిపేసి, బళ్లో పిల్లల్ని పొడుగు వరసలో నిలబెట్టినట్టు తక్కువ నుంచి ఎక్కువకి నిలబెట్టండి. 24కి ఒకటో నంబరు, 25కి రెండు, అలా 49కి పది. ఇద్దరికి ఒకే దిగుబడి వస్తే, ఉదాహరణకి అయిదు, ఆరు స్థానాలు వాళ్లవైతే, చెరో అయిదున్నర ఇవ్వాలి. ఇక 49 అయినా 90 అయినా దాని నంబరు పదే. దాని పెత్తనం అక్కడితో సరి.

ఇప్పుడు మందు వాడిన చెరువుల నంబర్లు కూడండి: 1, 3, 6, 9, 10. మొత్తం 29. వాడనివి 26. మందు పని ఏమీ లేకపోతే చెరో 27.5 దరిదాపుల్లోనే ఉండాలి. అలాగే ఉన్నాయి! అయిదూ అయిదూ చెరువులకి పట్టికలో గీత 38. ఒక పక్క మొత్తం అక్కడికి చేరితేనే, ఇది ఊరికే కలిసొచ్చింది కాదని కాస్త ధైర్యంగా అనవచ్చు. మందు ప్రభావం లేకుండా అంత తేడా రావడం నూటికి అయిదు సార్లు కూడా జరగదు. 29 ఎక్కడ, 38 ఎక్కడ?

దీన్నిబట్టి మందు దండగ అని తేలిపోయినట్టు కాదు. తేల్చడానికి అయిదు చెరువులు చాలవు, అంతే.

మేతలు మూడైతే? తాడేపల్లిగూడెం వైపు మూడు వరి వంగడాలు వేరువేరు చేలల్లో వేసి చూస్తే? దానికీ ఇదే వరస లెక్క. 1952లో క్రుస్కాల్, వాలిస్ చెప్పారు. కానీ ఏదో ఒకటి తేడాగా ఉందని మాత్రమే అది చెబుతుంది. ఏదన్నది మళ్లీ విడిగా చూసుకోవాలి.

అసలు జాగ్రత్త ఇంకోటుంది. ఒకే చెరువులో నాలుగు మూలలా వల వేసి తూచి, నాలుగు చెరువుల లెక్క చెబితే చెల్లదు. ఒకే చెరువులో నిరుటి పంటని ఈ ఏటి పంటతో పోల్చడానికి పద్ధతి వేరు. ఎవరి చెరువుకి మందు అన్నది చీటీలు వేసి తేల్చాలి. డీలరు తనకి నచ్చిన రైతులకే ఇస్తే, మంచి చెరువు గొప్పతనం కాస్తా సీసా ఖాతాలో పడుతుంది. పిల్ల సైజు, ఎకరానికి వేసే సంఖ్య అన్నిట్లో ఒకేలా ఉండాలి.

ఆ 49 క్వింటాళ్ల చెరువుని మాత్రం వదలకండి. గట్టు మీదకెళ్లి ఆ రైతునే అడగండి. బొచ్చె ఎంత, శీలావతి ఎంత వేశారు? పిల్ల ఎంత బరువున్నప్పుడు వదిలారు? ఎన్ని నెలలు పెంచారు? నీళ్లు ఎప్పుడెప్పుడు మార్చారు?