కుండలో నీళ్ళు చల్లబడని రోజు

అవనిగడ్డలో మా పిన్ని పెరట్లో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న చిన్న గ్రీన్‌హౌస్ ఒకటి ఉంది. జీఐ పైపుల చట్రం, పైన 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు, చుట్టూ కూడా అదే షీటు. లోపల టమాటా, క్యాప్సికం. మార్చి నెలలో ఒక రోజు పదకొండు గంటలప్పుడు నన్ను తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. "లోపల చెయ్యి పెట్టి చూడరా, పొయ్యి దగ్గర నిలబడ్డట్టుంది. ఎక్కడెక్కడి వాళ్ళో ఇందులో పండించుకు తింటున్నారు. నాకెందుకురా పూతంతా రాలిపోతోంది?" అంది.

గుడివాడలో మేడల మీద, బందరు (మచిలీపట్నం) పెరళ్ళలో ఇలాంటివి కట్టుకున్న చాలామంది అడిగే ప్రశ్నే ఇది. కొంచెం ఓపిగ్గా జవాబు చెప్పుకోవాలి.

లోపల అంత వేడి ఎందుకు?

ఎండ లోపలికి రాగలదు, వేడెక్కిన గాలి బయటికి పోలేదు. అసలు సంగతి ఇదే. గాజు వేడి కిరణాలను పట్టి ఉంచడం వల్లే లోపల వేడెక్కుతుందని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. 1909లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ దాన్ని పరీక్షించి చూశాడు. రెండు అట్టపెట్టెలు తీసుకుని ఒకదాని మీద గాజు పలక, రెండోదాని మీద వేడి కిరణాలను పోనిచ్చే రాతి ఉప్పు పలక పెట్టి ఎండలో ఉంచాడు. రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. అంటే చిన్న గ్రీన్‌హౌస్‌లో పెద్ద దోషి గాజూ కాదు, పాలిథినూ కాదు, కదలకుండా ఆగిపోయిన గాలి.

లెక్క వేసి చూద్దాం. వేసవి మధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద సుమారు వెయ్యి వాట్ల ఎండ పడుతుంది. పిన్ని గ్రీన్‌హౌస్ పదకొండు చదరపు మీటర్లు. షీటు ఆపినంత ఆపగా ఎనిమిది, తొమ్మిది వేల వాట్లు లోపలికి దిగుతాయి. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు ఎనిమిదింటిని ఆ గదిలో వదిలేసినట్టు. అందులో సగం మొక్కల ఆకుల నుంచి నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయిందనుకున్నా, మిగతా సగం గాలి మీదే పడుతుంది. ఆ గదిలో ఉన్న గాలి మొత్తం తూస్తే ముప్పై కిలోలు. దాన్ని కదలనివ్వకపోతే మొదట్లో నిమిషానికి ఏడెనిమిది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. లోపల పొయ్యిలా కావడానికి పిన్ని తలుపు దగ్గర నాతో మాట్లాడినంత సేపు చాలు.

టమాటా పూత రాలడానికి కారణమూ ఇక్కడే ఉంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా పాతిక డిగ్రీల కిందికి రాకపోతే పుప్పొడి చెడిపోతుంది, పిందె పడదు. ఎరువు వేసినా, మందు కొట్టినా ఆ పుప్పొడి బాగుపడదు.

చలి దేశాల వాళ్ళు గ్రీన్‌హౌస్ కట్టేది వేడిని దాచుకోవడానికి. మనకి ధనుర్మాసంలో కూడా తెల్లవారుజామున పద్దెనిమిది, ఇరవై డిగ్రీలు ఉంటుంది. దాచుకోవాల్సిన వేడి ఏదీ లేదు. కృష్ణా డెల్టాలో దీని పని వేరు: మండే ఎండని సగం చేయడం, పూత మీద పడే వానని ఆపడం, తెల్లదోమని రానీయకపోవడం. ఈ సంగతి మనసులో పెట్టుకుని కట్టుకుంటే మొదటి రోజు నుంచే గోడలు షీటుతో కాకుండా వలతో కట్టుకుంటాం. మన పెద్దవాళ్ళు వేసిన తాటాకు పందిరి ఈ పనుల్లో మొదటిది చక్కగా చేసేది. నా దృష్టిలో మన గ్రీన్‌హౌస్‌కి తాత ఆ పందిరే.

వేడి గాలి బయటికి పోవడం ఎలా?

వేడి గాలి తేలిక, పైకి వెళుతుంది. కప్పు దగ్గర దానికి దారి ఇచ్చి, కింద చల్లగాలి రావడానికి చోటు ఇస్తే చాలు, పొయ్యి మీద పొగగూడులాగా దానంతట అదే లాగుతుంది. కింది దారికీ పై దారికీ మధ్య ఎత్తు ఎంత ఉంటే లాగుడు అంత బాగుంటుంది. అయితే ఎత్తు రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు రాదు, ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువే వస్తుంది. కాబట్టి ఎత్తు కోసం మరీ పాకులాడకండి, తుఫాను ప్రాంతంలో అది వేరే చిక్కు తెస్తుంది. పై దారి వైశాల్యం నేల వైశాల్యంలో ఐదో వంతు ఉండాలి. పన్నెండు అడుగుల పొడవునా, రెండడుగుల వెడల్పున కప్పు నడినెత్తిన తెరిస్తే పిన్ని గ్రీన్‌హౌస్‌కి ఆ లెక్క సరిపోతుంది.

ఏ దిక్కుకి తెరవాలి అన్నది మన ఊళ్ళకే ప్రత్యేకమైన ప్రశ్న. ఎండాకాలం మధ్యాహ్నాలు అవనిగడ్డ ఉన్న దివిసీమకి చల్లగాలి దక్షిణం నుంచీ ఆగ్నేయం నుంచీ, సముద్రం మీదుగా వస్తుంది. గాలి తగిలే వైపు కాక దాని వెనక వైపు పై దారి తెరిస్తే, కప్పు మీదుగా పోయే గాలి లోపలి వేడిని లాక్కుపోతుంది. అంటే ఉత్తరం వైపు తెరవాలి. కానీ అక్టోబరు, నవంబరులో ఈశాన్యం నుంచి కొట్టే జల్లు సరిగ్గా అందులోంచే లోపల పడుతుంది. అందుకే ఆ దారికి తాడుతో దించే షీటు రెక్క ఒకటి ఉండి తీరాలి. పొడవు వైపులు ఉత్తర, దక్షిణాలకు వచ్చేలా కట్టుకుంటే సముద్రపు గాలి అడ్డంగా దూసుకుపోతుంది.

పురుగుల వల విషయంలో చాలామంది మోసపోతారు. అంగుళానికి 40 దారాలున్న 40 మెష్ వల తెల్లదోమని చాలావరకు ఆపుతుంది, దాంతోపాటు గాలినీ ఆపుతుంది. చిన్న కిటికీకి ఆ వల బిగిస్తే కిటికీ మూసినట్టే. ఒక వైపు గోడంతా వల వేస్తే అదే వల మేలు చేస్తుంది. దుమ్ము పట్టిన వలని నెలకోసారి పైపుతో కడగాలి.

గాలి బొత్తిగా ఆడని పెరట్లో ఫ్యాను తప్పదు. గదిలోని గాలి నిమిషానికి ఒకసారి మారేలా చూసుకోవాలి. ఈ కొలతకి నిమిషానికి వెయ్యి ఘనపుటడుగులు లాగే ఫ్యాను. ఆ లెక్కన కూడా లోపల బయటికంటే ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. పైన ఎండని 50 శాతం ఆపే షేడ్‌నెట్ (నీడ వల) పరిస్తే ఆ తేడా సగానికి దిగుతుంది. అందుకే నీడ, గాలి రెండూ ఉండాలి. షేడ్‌నెట్‌ని షీటు లోపల కట్టకండి. వల ఎండని తాగి తానే వేడెక్కుతుంది, లోపల ఉంటే ఆ వేడంతా గదిలోనే విడుస్తుంది. షీటుకి అడుగు ఎత్తున బయట కడితే ఆ వేడిని గాలి తీసుకుపోతుంది. ఆర్కిడ్లకు, ఆంథూరియానికి 75 శాతం బాగుంటుంది, టమాటాకి 35 చాలు. జులైలో మబ్బులు కమ్మాక తీసేయకపోతే మొక్కలు వెలుగు కోసం సన్నగా సాగిపోతాయి.

ఫాగర్లు పెడితే చల్లబడదా?

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళు. కుండలో నీళ్ళు చల్లబడేదీ, వెనకటి ఇళ్ళలో తడిపిన వట్టివేళ్ళ తడికలు గదిని చల్లబరిచేదీ ఇలాగే. నీటిని మంచులా చిమ్మే ఫాగర్లు, గాలిని తడిపి లోపలికి పంపే తడి ప్యాడ్లు చేసేదీ అదే పని. కానీ గాలి ఆవిరిని తీసుకోగలిగితేనే.

మనకి మే నెలలో రెండు రకాల రోజులు వస్తాయి. పడమటి గాలి వీచే రోజు 43 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. ఆ గాలిని నీటితో ఎంత తడిపినా సుమారు 25 డిగ్రీల దాకానే చల్లబరచగలం. మంచి తడి ప్యాడు 29 దాకా దించుతుంది. అది గొప్ప సాయం. సముద్రపు గాలి తిరిగిన రోజు 36 డిగ్రీలే, కానీ తేమ 60 శాతం. ఆ రోజు హద్దు 29. ప్యాడు ఎంత కష్టపడ్డా 30, 31. ఆ ఐదారు డిగ్రీల కోసం లోపలి తేమ తొంభైకి చేరుతుంది. అంత తేమలో ఆకు తన నీటిని తాను ఆవిరి చేసుకోలేదు, తనని తాను చల్లబరుచుకోలేదు. పైగా ఆరని ఆకు మీద బూజు తెగుళ్ళు వాలతాయి.

ఏ రోజు ఏమిటో తెలుసుకోవడానికి పరికరం కొననక్కర్లేదు. వరండాలో కుండ ఉంటే చాలు. నీళ్ళు జిల్లుమంటే ఆ రోజు ఫాగర్లు తిప్పండి. కుండ నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయంటే ఫాగర్లు కట్టేసి, పక్క వలలన్నీ ఎత్తి, ఫ్యాను వేయండి. కుండ ఆవిరి, ఫాగరు ఆవిరి ఒకే గాలిని నమ్ముకున్నవి. ఇంకా కచ్చితంగా కావాలంటే రెండు థర్మామీటర్లు పక్కపక్కన, నీడలో, మొక్క ఎత్తులో వేలాడదీసి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టండి. రెండిటి మధ్య తేడా పది దాటితే నీరు పనిచేస్తుంది. ఐదు లోపుంటే పనిచేయదు. ఎండ తగిలేచోట వేలాడదీసిన థర్మామీటరు చెప్పేది గాలి వేడిని కాదు, తన వేడిని.

నాగాయలంక, కోడూరు వైపు ఇంకో చిక్కు ఉంది. బోరు నీళ్ళు ఉప్పన. ఆవిరయ్యేది నీరే, ఉప్పు నాజిల్లోనూ ఆకు అంచునా మిగిలిపోతుంది. నాజిళ్ళు మూసుకుపోతాయి, ఆకులు అంచుల నుంచి మాడతాయి. కాలవలు కట్టేసే ఎండాకాలంలోనే ఫాగర్ల అవసరం ఎక్కువ. కాబట్టి వానాకాలంలో కప్పు మీద పడ్డ నీటిని డ్రమ్ముల్లో పట్టి పెట్టుకున్నవాళ్ళే అక్కడ ఫాగర్లు పెట్టుకోవాలి. మిగతావాళ్ళకి నీడ, గాలి చాలు.

చలికాలం రాత్రి మూసేయాలా?

వద్దు. డిసెంబరు తెల్లవారుజామున షీటు అడుగున నీటి బొట్లు పట్టి ఆకుల మీద రాలతాయి. పై దారి రాత్రంతా కాస్త తెరిచే ఉంచండి. సాయంత్రం పూట నీళ్ళు పోయకండి, పొద్దున్నే పోయండి.

తుఫాను వస్తే?

1977 నవంబరు 19 ఉప్పెన పేరు దివిసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 1990 మే తుఫాను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను, ఇవన్నీ ఈ తీరం మీదికే వచ్చాయి. ఒక వైపు తెరిచి, మిగతా వైపులు మూసి ఉన్న గ్రీన్‌హౌస్‌లోకి గాలి దూరితే గొడుగులా కప్పుని పైకి ఎత్తుతుంది. ఆ గాలిలో ఊడిన పైపు పక్కింటి మీద పడుతుంది. అందుకని షీటుని మేకులతో, సన్నతీగతో కాకుండా అల్యూమినియం ప్రొఫైల్‌లో జిగ్‌జాగ్ స్ప్రింగుతో బిగించుకోవాలి. స్ప్రింగు కొస పట్టి లాగితే షీటు విడిపోతుంది. మచిలీపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వినగానే షేడ్‌నెట్, షీటు రెండూ విప్పి చుట్టి ఇంట్లో పెట్టాలి. ఒట్టి పైపులు గాలికి పెద్దగా అడ్డురావు.

షీటు విప్పడానికి మీ ఇంట్లో ఇద్దరికి ఎంతసేపు పడుతుందో సెప్టెంబరులోనే ఒకసారి గడియారం పెట్టి చూసుకోండి. పిన్నికీ బాబాయికీ మొదటిసారి గంటన్నర పట్టింది. రెండోసారి నలభై నిమిషాలు.